పెద్ద ప్రైవేట్ ఆసుపత్రి లోపల: అపోహలు - వాస్తవాలు

స్టాఫ్ నర్సుగా చేరి ఇరవై రెండేళ్లు దాటింది. ఇప్పుడు విశాఖపట్నంలో ఒక పెద్ద ప్రైవేట్ ఆసుపత్రిలో నర్సింగ్ సూపర్‌వైజర్‌ని. నెలలో సగం రాత్రులు నా డ్యూటీ ఐసీయూ బయట కుర్చీల మధ్య నుంచే సాగుతుంది. శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు, అటు ఒడిశా నుంచి రాయగడ, కోరాపుట్ జనం కూడా పెద్ద జబ్బు చేస్తే విశాఖకే వస్తారు. ఒకప్పుడు వస్తే కేజీహెచ్‌కే, అంటే ప్రభుత్వ కింగ్ జార్జ్ ఆసుపత్రికే. 1923 నుంచి ఆ ఆసుపత్రే ఈ ప్రాంతానికి పెద్ద దిక్కు. తర్వాత రామ్‌నగర్, ఆరిలోవ హెల్త్ సిటీ, షీలానగర్ అంటూ ప్రైవేట్ ఆసుపత్రులు పెరిగాయి. వాటి లోపల ఎవరు ఏం చేస్తారో మాత్రం బయట కూర్చున్నవాళ్లకు ఎవరూ చెప్పరు. ఎవరిని ఏం అడగాలో తెలియక మంచివాళ్లు అవస్థ పడటం రోజూ చూస్తున్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ఆసుపత్రి అంటే పెద్ద డాక్టర్ గారే. ఆయన పొద్దున్న ఐదు నిమిషాలు వచ్చి వెళ్తే ఇక రోజంతా చూసేవాళ్లు లేనట్టే.

వాస్తవం: "ఏటి సిస్టరమ్మా, పెద్ద డాక్టరు మళ్లీ రాలేదేటి?" అని ప్రతి సాయంత్రం ఎవరో ఒకరు అడుగుతారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ పెద్ద ఆసుపత్రిని ఒక మనిషి నడపడు.

లోపల మూడు వరసలుంటాయి. మొదటిది వైద్యం: మెడికల్ సూపరింటెండెంట్, కార్డియాలజీ, న్యూరో లాంటి విభాగాల కన్సల్టెంట్లు (మీరు పెద్ద డాక్టర్ అనేది వీళ్లనే), వాళ్ల కింద డ్యూటీ డాక్టర్లు. కన్సల్టెంట్లలో కొందరిది జీతం, కొందరికి చూసిన పేషెంటును బట్టి ఫీజు, కొందరు పిలిస్తే వచ్చే విజిటింగ్ డాక్టర్లు. రెండోది పాలన: బిల్లింగ్, ఫార్మసీ, స్టోర్స్, మెషీన్లు చూసే బయోమెడికల్, హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ. మూడోది మా నర్సింగ్. సూపరింటెండెంట్, సూపర్‌వైజర్లు, వార్డు ఇన్‌ఛార్జ్ సిస్టర్లు, స్టాఫ్ నర్సులు. 24 గంటలూ మంచం పక్కన ఉండేది ఈ మూడో వరసే. ఐసీయూలో అయితే ఇంటెన్సివిస్ట్ అనే డాక్టర్ కూడా ఉంటారు. వెంటిలేటర్ సెట్టింగులు, బీపీ మందుల మోతాదులు గంట గంటకూ మార్చేది ఆయనే. పెద్ద డాక్టర్ పొద్దున్న ఏం చేయాలో నిర్ణయిస్తారు, దాన్ని మిగతా 23 గంటలు నడిపేది వీళ్లు.

అది ఎలా నడుస్తుందో చూడాలంటే మా దగ్గర రాత్రి 8 గంటలకు ఐసీయూలోకి రావాలి. డ్యూటీ దిగే అమ్మాయి, ఎక్కే అమ్మాయి మంచం దగ్గరే నిలబడతారు. "ఎనిమిదో నంబర్. 61 ఏళ్లు. షుగర్ ఉంది, పెన్సిలిన్ పడదు. బీపీ నిలబెట్టే నోరాడ్రినలిన్ గంటకు 4 ఎంఎల్ నుంచి 3కి తగ్గించాం. మూత్రం గంటకు 40 వస్తోంది. పదింటికి ఏబీజీ రక్త పరీక్షకు పంపాలి. కొడుకు రేపు బెంగళూరు నుంచి వస్తున్నారు." ఎక్కే అమ్మాయి చేతి బ్యాండ్ మీద పేరు, నంబరు చదువుతుంది. తర్వాత సెలైన్ బాటిల్ దగ్గర మొదలుపెట్టి పైపు మీద వేలు జరుపుకుంటూ సూది దాకా వస్తుంది. ఏ మందు ఏ నరంలోకి వెళ్తోందో వేలితో తాకి చూసుకోవడం అది. చూసిందే నమ్మాలి, చెప్పింది కాదు అని కొత్తగా చేరిన ప్రతి పిల్లకూ నేర్పుతాను. పెద్ద ఆసుపత్రుల్లో పొరపాట్లు ఎక్కువగా దొర్లేది ఇలా ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారే చోటే. వార్డు నుంచి ఆపరేషన్ థియేటర్‌కి, థియేటర్ నుంచి ఐసీయూకి, రాత్రి షిఫ్ట్ నుంచి పగలు షిఫ్ట్‌కి.

ఈ గొలుసులో మొదటి కొక్కెం మీరే. "పెన్సిలిన్ పడదు" అన్న ముక్క ఇంట్లోవాళ్లు చెప్తేనే మా పుస్తకంలోకి ఎక్కుతుంది. ఇంటి దగ్గర వాడే మందుల స్ట్రిప్పులు, పాత రిపోర్టులు, ఊళ్లో ఆర్‌ఎంపీ వేసిన ఇంజెక్షన్ పేరు, ఆకు మందు తాగి ఉంటే ఆ సంగతి, అన్నీ చెప్పండి. తిడతారేమోనని దాచవద్దు. కిడ్నీ దెబ్బతిని వచ్చినవాళ్ల ఇంట్లోవాళ్లు నొప్పి మాత్రల మాట మూడో రోజున బయటపెట్టడం ఎన్నోసార్లు చూశాను.

అపోహ: యాక్సిడెంట్ కేసైతే పోలీసులు రాకుండా, డబ్బు కట్టకుండా ముట్టుకోరు.

వాస్తవం: ముట్టుకోవాలి. ప్రాణం నిలబెట్టడానికి పోలీసు కాగితాలు అడ్డు కాకూడదని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. ఎంఎల్‌సీ (పోలీసులకు ఇచ్చే వైద్య నివేదిక) రాయడం, స్టేషన్‌కు కబురు పంపడం ఆసుపత్రి పని, ఆ పక్కన వైద్యం ఆగదు. మద్దిలపాలెం దగ్గరో, ఆనందపురం హైవే మీదో పడి ఉన్న మనిషిని తీసుకొచ్చినవాళ్లు పేరు చెప్పాలనే బలవంతం లేదు. 2019లో మోటారు వాహనాల చట్టంలో వాళ్లకు రక్షణ కూడా కల్పించారు. మనిషి నిలకడకు వచ్చాక ఖర్చు మాట తప్పకుండా వస్తుంది. భరించలేమనుకుంటే అక్కడే, అప్పుడే చెప్పండి. డ్యూటీ డాక్టర్ రాసిన రిఫరల్ కాగితంతో అంబులెన్స్‌లో కేజీహెచ్‌కు పంపడానికి ఏర్పాటు ఉంటుంది. రెండు రోజులు అప్పులు తెచ్చి మూడో రోజు తీసుకెళ్లడం కంటే అది పేషెంటుకు మేలు.

అపోహ: చనిపోయిన మనిషిని వెంటిలేటర్ మీద పెట్టి బిల్లు లాగుతారు.

వాస్తవం: ఈ మాట సినిమాల నుంచి వచ్చి జనం గుండెల్లో కూర్చుంది. అన్నవాళ్ల మీద నాకు కోపం రాదు. ఈ రంగంలో జరిగిన అన్యాయాలు కూడా దానికి ఊతమిచ్చాయి. కానీ శరీరం ఏం చేస్తుందో చెప్పాలి. వెంటిలేటర్ ఊపిరితిత్తుల్లోకి గాలి మాత్రమే పంపుతుంది, గుండెను కొట్టించలేదు. గుండె ఆగితే మానిటర్ మీద గీత సాఫు అవుతుంది, బీపీ ఉండదు. కొద్ది గంటల్లోనే దవడ బిగుసుకోవడం మొదలవుతుంది, ఒళ్లు చల్లబడుతుంది, వీపు వైపు చర్మం నల్లబారుతుంది. ఏ మెషీనూ దీన్ని దాచలేదు. పక్కన నిలబడి ఒంటి మీద చెయ్యేస్తే ఎవరికైనా తెలుస్తుంది.

మరి ఈ అనుమానం ఎక్కడ పుడుతోంది? ఒకటి బ్రెయిన్ డెత్ దగ్గర. మెదడు పూర్తిగా చచ్చిపోతుంది, గుండె మాత్రం వెంటిలేటర్ ఇచ్చే ఆక్సిజన్‌తో ఇంకా కొట్టుకుంటుంది. ఒళ్లు వెచ్చగానే ఉంటుంది, మూత్రం వస్తుంది. అవయవ దానానికి సంబంధించిన 1994 చట్టం ప్రకారం నలుగురు డాక్టర్ల బృందం కనీసం 6 గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి నిర్ధారించాలి. మన రాష్ట్రంలో అవయవ దానాలు చూసే జీవన్‌దాన్ పథకం ద్వారా దానమిచ్చే కుటుంబాలకు ఎదురయ్యేది ఈ స్థితే. "గుండె కొట్టుకుంటోంది, చనిపోయారంటారేంటి?" అని ఆ తల్లిదండ్రులు అడిగినప్పుడు జవాబు చెప్పడం కన్నా కష్టమైన పని మా వృత్తిలో లేదు.

రెండోది, ప్రాణం ఉంది కానీ తిరిగి కోలుకునే ఆశ దాదాపు లేదు అనే స్థితి. ఇక్కడే తప్పు మాది. నేను ఇంతకు ముందు పనిచేసిన చోట ఒక పెద్దాయన తొమ్మిది రోజులు ఐసీయూలో ఉన్నారు. చివరి మూడు రోజులు మా వాళ్లు కూతురికి "క్రిటికల్" అన్న ఒక్క మాట తప్ప ఇంకేం చెప్పలేదు. రాత్రి రెండింటికి ఆమె నా చెయ్యి పట్టుకుని, "అమ్మా, మా నాన్న ఉన్నాడా లేడా, నిజం చెప్పండి" అంది. గౌను వేయించి లోపలికి తీసుకెళ్లాను. అరచేయి ఆయన ఛాతీ మీద పెట్టించాను. మానిటర్ మీద గుండె గీత చూపించాను. గిచ్చినా చెయ్యి కదలడం లేదని, బీపీ మూడు మందుల మీద నిలబడి ఉందని చూపించాను. డ్యూటీ డాక్టర్‌ను పిలిపించాను. ఆయన పావుగంట కూర్చుని ఉన్నది ఉన్నట్టు చెప్పారు. ఆమె ఏడ్చింది. కానీ తెల్లారి అన్నయ్యతో మాట్లాడి ఏం చేయాలో వాళ్లే నిర్ణయించుకున్నారు. ఆ పావుగంట మూడు రోజుల ముందే ఇవ్వాల్సింది.

అందుకని రోజూ ఒక వేళ పెట్టించుకుని డాక్టర్‌ను అడగండి: నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఏంటి? ఏ మందు పెంచారు, ఏది తగ్గించారు? కోలుకుంటే ఎలా ఉంటారు? కుటుంబం నుంచి ఒక్కరే మాట్లాడండి, రోజూ అదే మనిషి. ఐదుగురు ఐదు డాక్టర్లను అడిగితే ఐదు కథలు తయారవుతాయి. చెప్పింది అర్థమయ్యాకే కౌన్సెలింగ్ కాగితం మీద సంతకం పెట్టండి.

అపోహ: వాడని మందులకు కూడా బిల్లు వేస్తారు.

వాస్తవం: ఈ అనుమానాన్ని పూర్తిగా కొట్టిపారేయను. నర్సు ఇండెంట్ (కావాల్సిన మందుల చీటీ) పెడితే ఫార్మసీ మందులు పంపుతుంది, అప్పుడే బిల్లులో ఎక్కుతాయి. మిగిలినవి తిరిగి పంపితే తగ్గుతాయి. ఫ్రిజ్‌లో ఉంచాల్సినవి, సీలు తీసినవి వెనక్కి వెళ్లవు. తిరిగి పంపడం మర్చిపోతే మీకు నష్టం. అలా మర్చిపోవడం జరుగుతుంది, నేనే పట్టుకున్న సందర్భాలున్నాయి. కాబట్టి రోజువారీ బిల్లు అడగండి, చివరి రోజు కాదు. "మా మందుల రిటర్న్ పంపారా?" అని వార్డు సిస్టర్‌ను అడగడం మీ హక్కు.

అసలు భారం ఇంకో చోట ఉంది. గ్లోవ్స్, సిరంజిలు, పైపుల మీద ముద్రించిన ఎంఆర్‌పీకీ ఆసుపత్రి కొన్న ధరకూ మధ్య తేడా. 2018లో జాతీయ ఔషధ ధరల సంస్థ ఢిల్లీ ప్రాంతంలోని నాలుగు ప్రైవేట్ ఆసుపత్రుల బిల్లులు పరిశీలిస్తే కొన్నిటి మీద లాభం 1,700 శాతం దాటింది. నర్సుగా ఈ అంకె నాకు ఇప్పటికీ సిగ్గు తెప్పిస్తుంది. 2017లో గుండె స్టెంట్లకు, మోకాలి ఇంప్లాంట్లకు గరిష్ఠ ధర పెట్టాక అక్కడ పరిస్థితి మారింది. స్టెంట్ వేస్తే దాని పెట్టె మీది స్టిక్కర్ మీ కేసు షీట్‌లో అంటించి ఉండాలి, బ్యాచ్ నంబర్‌తో సహా. అడిగి చూడండి.

ఇంకొకటి: గది మారితే గది అద్దె ఒక్కటే మారుతుందనుకోకండి. చాలా ఆసుపత్రుల్లో డాక్టర్ ఫీజు, ఆపరేషన్ ఛార్జీ కూడా గది తరగతిని బట్టే ఉంటాయి. పాలసీలో గది అద్దెకు పరిమితి ఉంటే, అంతకు మించిన గది తీసుకున్నందుకు ఇన్సూరెన్స్ ఆ ఛార్జీల్లోనూ కోత పెట్టవచ్చు. అడ్మిషన్ కౌంటర్ దగ్గర రెండు నిమిషాలు ఆగి ఇది అడిగితే తర్వాత వేలల్లో తేడా వస్తుంది.

అపోహ: ఆరోగ్యశ్రీ పేషెంటుకు వేరే థియేటర్, చిన్న డాక్టర్లు.

వాస్తవం: 2007లో మొదలైన పథకం ఇది, ఇప్పుడు పేరు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. జనం నోట ఇంకా ఆరోగ్యశ్రీయే. వార్డు వేరుగా ఉండవచ్చు, ఏసీ ఉండకపోవచ్చు. థియేటర్ అదే, సర్జన్ అదే, పరికరాలు శుభ్రం చేసే విభాగం, సీఎస్‌ఎస్‌డీ, అదే. డబ్బు కట్టినవాళ్ల ట్రే, కార్డు మీద వచ్చినవాళ్ల ట్రే ఆవిరితో క్రిములు చంపే ఒకే ఆటోక్లేవ్‌లోంచి వస్తాయి. ఆసుపత్రికి పథకంలో గుర్తింపు ఉన్నా, మీ జబ్బుకు సంబంధించిన విభాగానికి ఉందో లేదో ముందు చూసుకోవాలి. అది చెప్పేది రిసెప్షన్ కాదు, ఆసుపత్రిలో పథకం తరఫున ఉండే ఆరోగ్యమిత్ర. పథకం కింద చేర్చుకుని విడిగా డబ్బు అడిగితే ఆ మాట కూడా ఆయనకే చెప్పండి.

అపోహ: ఆసుపత్రి నాణ్యతకు గుర్తింపుగా ఇచ్చే ఎన్‌ఏబీహెచ్ బోర్డు ఉంటే పొరపాటే జరగదు.

వాస్తవం: పద్ధతులు ఉన్నాయని, వాటిని తనిఖీ చేశారని అర్థం. అంతే. నర్సు ప్రతి ఇంజెక్షన్‌కీ మీ పేరు అడిగితే విసుక్కోకండి. అడగకపోతే మీరే చెప్పండి.

అపోహ: డాక్టర్ "వెళ్లొచ్చు" అనేశారు, ఇక ఆలస్యం చేసేది డబ్బుల కోసమే.

వాస్తవం: ఆ మాట తర్వాత డిశ్చార్జ్ సమ్మరీ టైపు కావాలి, డాక్టర్ చదివి సంతకం చేయాలి, మందుల రిటర్న్ పోవాలి, ల్యాబ్ పెండింగ్ చూడాలి, బిల్లు ముగియాలి. ఇన్సూరెన్స్ ఉంటే కంపెనీ తరఫున బిల్లులు చూసే టీపీఏ ఆమోదం రావాలి. ఆసుపత్రి నుంచి అభ్యర్థన అందిన 3 గంటల్లో కంపెనీ తేల్చాలని 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధన పెట్టింది. ఆలస్యం వల్ల పడే అదనపు ఖర్చు కంపెనీయే భరించాలి. కాబట్టి బిల్లింగ్‌లో "పంపారా, ఎన్నింటికి పంపారు?" అని టైము అడగండి. సమ్మరీ చేతికొచ్చాక పాత మందుల్లో ఏది ఆపాలో, ఏది కొనసాగించాలో నర్సు చేత చదివించుకోండి. చేతికున్న కాన్యులా తీశారో లేదో చూసుకోండి, సూదితోనే ఇంటికి వెళ్లిపోయినవాళ్లున్నారు. పూర్తి రికార్డులు కావాలంటే రాసి అడగండి, 72 గంటల్లో ఇవ్వాలి.

దూరం నుంచి వచ్చినవాళ్లకు ఒక మాట. పాడేరు ఘాట్ రోడ్డు మీద రాత్రి పూట ఆపరేషన్ అయిన మనిషితో బస్సు ఎక్కడం మంచిది కాదు. రేపు డిశ్చార్జ్ ఉంటుందనగానే ముందు రోజు సాయంత్రమే ఇన్‌ఛార్జ్ సిస్టర్‌తో "మాది పాడేరు, మధ్యాహ్నం లోపు బస్ కాంప్లెక్స్‌కు చేరాలి" అని చెప్పండి. రాత్రి 8 గంటల హ్యాండోవర్‌లో మేం అది రాసుకుంటాం. పొద్దున్న ఆ సమ్మరీయే ముందు తయారవుతుంది.