రాకెట్ల కన్నా ముందు శ్రీహరికోట

శ్రీహరికోటలో మూడో ప్రయోగ వేదికకు కేంద్ర మంత్రివర్గం 2025 జనవరిలో ఆమోదం తెలిపింది. ఖర్చు దాదాపు రూ.3,985 కోట్లు. అదే నెల 29న జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్15 ఎగరడంతో అక్కడి భారీ ప్రయోగాల లెక్క వందకు చేరింది. ఆ సందడిలో షార్ (అక్కడి రాకెట్ కేంద్రం) చరిత్రంటే రాకెట్ల పేర్లే వినిపించాయి. ఆ దీవి కథ అంతకన్నా పాతది.

మన గడ్డ మీది నుంచి తొలి రాకెట్ 1963 నవంబరు 21న కేరళలోని తుంబాలో లేచింది. భూ అయస్కాంత మధ్యరేఖ దగ్గర్లోనే పోతుంది కాబట్టి, పై వాతావరణాన్ని శోధించే చిన్న రాకెట్లకు ఆ చోటు సరిపోయింది. ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టాలంటే సరిపోదు. భూమి తూర్పుకు తిరుగుతుంది కనుక రాకెట్‌నూ అటే వదిలితే ఆ వేగం ఊరికే కలిసొస్తుంది. శ్రీహరికోట దగ్గర అది సెకనుకు సుమారు 450 మీటర్లు. తుంబా నుంచి తూర్పుకు వదిలితే కింద ఊళ్లుంటాయి, రాకెట్ నుంచి ఊడిన దశలు, అంటే ఇంధనం అయిపోయిన భాగాలు, జనం మీద పడతాయి. అందుకే వెతుకులాట తూర్పు తీరానికి మళ్లింది. ముందు బంగాళాఖాతం, వెనక పులికాట్ సరస్సు ఉన్న శ్రీహరికోట 1969లో ఖాయమైంది. 1971 అక్టోబరులో అక్కడి నుంచి తొలిసారిగా రోహిణి అనే చిన్న పరిశోధక రాకెట్ ఎగిరింది. ఆ డిసెంబరులోనే మన అంతరిక్ష కార్యక్రమానికి ఆద్యుడు విక్రమ్ సారాభాయ్ కన్నుమూశారు.

అప్పటిదాకా ఆ దీవి అంటే సరుగుడు తోటలు, అడవి. అక్కడి వంటచెరకు బకింగ్‌హాం కాలువ మీద పడవల్లో మద్రాసు చేరేది. ఆ అడవిని ఆకు ఆకునా ఎరిగినవాళ్లు యానాది గిరిజనులు. తేనె పట్టేవారు, దుంపలు తవ్వేవారు, బట్టలకు ఎర్రరంగునిచ్చే చిరివేరు ఏరి తెచ్చేవారు. 1835లో ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం దీవిని తన చేతిలోకి తీసుకున్నాక ఆ సరుకంతా సర్కారుకే అప్పజెప్పాల్సి వచ్చింది. రాకెట్ కేంద్రం కోసం భూమి తీసుకున్నప్పుడు దీవిలోని కుటుంబాలు ఊళ్లు వదిలి వెళ్లాయి. సారాభాయ్, సతీశ్ ధవన్, కలాం పేర్లు మన పిల్లలందరికీ నోటికొచ్చు. యానాదుల ప్రస్తావన మాత్రం పాఠాల్లో కనిపించదు. ఇది నాకు చాలా పెద్ద లోటుగా తోస్తుంది.

1979 ఆగస్టు 10న, ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టేందుకు మనం చేసిన తొలి రాకెట్ ఎస్‌ఎల్‌వీ-3 లేచింది. రెండో దశను అదుపు చేసే వ్యవస్థలో ఒక వాల్వు సరిగా మూసుకోక నైట్రిక్ ఆమ్లం కారిపోయింది. దారి తప్పిన రాకెట్ 317 సెకన్లకు సముద్రంలో పడింది. ఏడాది తిరక్కుండానే, 1980 జులై 18న, అదే రకం రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ప్రాజెక్టు డైరెక్టర్ కలాం, ఇస్రో ఛైర్మన్ ధవన్. 2002లో షార్‌కు ధవన్ పేరు పెట్టారు. 2004 ఫిబ్రవరి 23న ఘన ఇంధన విభాగంలో జరిగిన ప్రమాదంలో ఆరుగురు చనిపోయారు. రాకెట్ పైకి లేవకముందే, దాని ఇంధనం తయారుచేస్తూ పోయిన ప్రాణాలవి. వాళ్లనూ ఈ చరిత్రలోనే చెప్పుకోవాలి.

శ్రీహరికోటకూ ఒక ఇబ్బంది ఉంది. ధ్రువ కక్ష్యకు, అంటే భూమి ధ్రువాల మీదుగా తిరిగే దారికి, దక్షిణంగా వదిలితే శ్రీలంక అడ్డొస్తుంది. రాకెట్ పక్కకు తిరిగి పోవాలి, చిన్న రాకెట్లకు ఆ ఇంధనం భారం. అందుకే తమిళనాడులోని కులశేఖరపట్టణంలో మరో కేంద్రానికి 2024 ఫిబ్రవరిలో శంకుస్థాపన చేశారు. దానికి తీసుకున్న భూమి రెండు వేల ఎకరాల పైమాటే.