తలకెక్కిన కొవ్వు

నాగర్‌కర్నూల్,
సంక్రాంతికి ముందు ఆదివారం.

చిరంజీవులు పిల్లలందరికీ తాత ఆశీర్వదించి రాయునది.

మొన్న ఫోన్‌లో చిన్నోడు అడిగిన మాట రెండు రోజులుగా నా బుర్రలోనే తిరుగుతోంది. "తాతా, అమ్మ నన్ను కొవ్వు తలకెక్కిందని తిట్టింది. కొవ్వు నిజంగా తలకెక్కుతదా?" అన్నాడు. అప్పుడు నవ్వేసి ఫోన్ పెట్టేశాను గానీ, ముప్పై ఏళ్లు సర్కారు దవాఖానలో మందులిచ్చినవాణ్ని, ఆ ప్రశ్నను అలా వదిలేస్తే ఎట్లా? అది కొత్తగా ఎక్కేదేం లేదురా. పుట్టినప్పటి నుంచీ అక్కడే ఉంది. మెదడులోని నీళ్లన్నీ తీసేసి మిగిలింది తూకం వేస్తే సగానికి పైగా కొవ్వే. ఒంట్లో ఉన్న కొలెస్ట్రాల్‌లో సుమారు ఐదో వంతు, కిలోన్నర కూడా లేని ఆ ముద్దలోనే ఉంటుంది.

ఈసారి నాన్నతో మటన్ కొట్టుకు వెళ్లినప్పుడు భేజా చూడండి. కోసి చూస్తే పైన బూడిద రంగు, లోపల తెలుపు కనిపిస్తాయి. పెనం మీద వేసినా అది వెన్నలాగా కరిగి నూనై కారదు. పొట్ట దగ్గర పేరుకునే కొవ్వు దాచిపెట్టుకున్న తిండి, బస్తాలో గింజల్లాంటిది. మెదడులో ఉన్న కొవ్వు గోడలకు వాడిన కొవ్వు. ప్రతి కణానికీ చుట్టూ రెండు వరసల కొవ్వు అణువులతో ఒక పొర ఉంటుంది. ఒక్కో అణువుకు నీళ్లంటే ఇష్టమున్న తల ఒకటి, నీళ్లంటే పడని తోకలు రెండు. తలలు బయటికి, తోకలు లోపలికి పెట్టుకుని వాటంతట అవే సర్దుకుంటాయి. ఈ సంగతి 1925లో గోర్టర్, గ్రెండెల్ అనే ఇద్దరు డచ్చివాళ్లు చెప్పారు.

ఆ తోకల తీరు తెలియాలంటే కట్టెల మోపు గుర్తు చేసుకోండి. కంది కట్టె నిటారుగా ఉంటుంది, పక్కపక్కన పేరిస్తే బిగుసుకుపోతుంది. తుమ్మ కంప వంకర, ఎంత తొక్కి కట్టినా మధ్యలో సందులు. నెయ్యిలో కంది కట్టెలు ఎక్కువ, అందుకే ఈ చలికి మీ నాయనమ్మ నెయ్యి గిన్నె తెల్లారేసరికి రాయైపోతోంది. పక్కనే ఉన్న పల్లీ నూనె మాత్రం జారుతూనే ఉంది, అందులో వంకర తోకలు ఎక్కువ. మెదడు తన పొరల కోసం వంకరల్లో కెల్లా వంకరైన దాన్ని ఏరుకుంటుంది. దాని పేరు డీహెచ్ఏ. 22 కార్బన్ల పొడవులో ఆరు చోట్ల వంపు. కణం మీద కబురందుకునే ప్రోటీన్లు అటూ ఇటూ కదలాలంటే పొర ఆ మాత్రం వదులుగా ఉండాలి. అలాగని మొత్తం వదులైనా గోడ నిలవదు, అందుకే మధ్యమధ్యలో కొలెస్ట్రాల్.

ఇక భేజాలో కనిపించే ఆ తెలుపు. దాన్ని మైలిన్ అంటారు. నరం తీగకు పొరలు పొరలుగా చుట్టుకున్న కొవ్వు తొడుగు అది. దాని విలువ మీరు రోజూ కాలి బొటనవేలితోనే తెలుసుకుంటున్నారు. చెప్పుల్లేకుండా పరుగెత్తుతుంటే రాయి తగిలిందనుకోండి. ముందు చురుక్కుమంటుంది. ఒక క్షణం ఆగి, అప్పుడు మొదలవుతుంది అసలు మంట. ఆ చురుకును తెచ్చింది తొడుగున్న నరం, మంటను తెచ్చింది తొడుగు లేని నరం. తొడుగు లేనిది సెకనుకు ఒక మీటరు అటూ ఇటూగా నడుస్తుంది. మందపాటి తొడుగున్న నరాల్లోనైతే కబురు వంద మీటర్లు కూడా దాటుతుంది. మెదడు ముందు భాగంలో, అంటే ఆగి ఆలోచించే చోట, ఈ తొడుగు చుట్టే పని ఇరవై ఏళ్లు దాటాక కూడా సాగుతూనే ఉంటుంది. మీ అమ్మ తిట్టినదాంట్లో సగం తప్పు ఇక్కడే ఉంది. నీకు అక్కడ కొవ్వు ఎక్కువై కాదురా, ఇంకా చాలకనే అల్లరి.

తిన్న నూనె మెదడు దాకా పోతుందా అంటే, కొంత పోతుంది, కొంత పోదు. కొలెస్ట్రాల్ పోదు. మెదడు తనకు కావలసింది తనే వండుకుంటుంది, కాబట్టి గుడ్డు పచ్చసొన తింటే తెలివి పెరగదు, మానేస్తే తగ్గదు. ఒమేగా-3, ఒమేగా-6 అనే కొవ్వులు మాత్రం తిండిలోంచే రావాలి. ఇందాకటి డీహెచ్ఏ ఒమేగా-3 రకమే. జొన్న చేను చుట్టూ పశువులు దూరకుండా మా నాయన కుసుమలు వేసేవాడు, ఆ ముళ్లకు గొడ్డు అటు వచ్చేది కాదు. ఆ నూనెతోనే పెరిగాం. అదే కుసుమ నూనె కథ ఒకటి 1982లో అమెరికా నుంచి రాల్ఫ్ హోల్మన్, ఆయనతో పనిచేసినవాళ్లు రాశారు. తుపాకీ గుండు తగిలి పేగులు చాలావరకు తీసేసిన ఆరేళ్ల పాప. నోటితో తినలేదు గనుక తిండంతా నరంలోకి ఎక్కించారు, అందులో కొవ్వు కోసం కుసుమ నూనె. అయిదు నెలలయ్యాక తిమ్మిర్లు, నడవలేకపోవడం, చూపు మసకబారడం మొదలయ్యాయి. కుసుమ నూనెలో ఒమేగా-3 దాదాపు ఉండదు. కొంచెం ఉన్న సోయా నూనెకు మార్చారు, బాధలు పోయాయి. ఒక్క పాప సంగతితో అంతా తేలిపోదనుకోండి. మన ఇళ్లలో కుసుమ నూనె ఒక్కటే తిని బతికేవాళ్లెవరూ లేరు కూడా, దాన్ని చూసి హడలిపోవద్దు.

నూనె నెలల మీద చేసే పనిని మత్తుమందు క్షణాల్లో చేస్తుంది. మెదడులోని రక్తనాళాల గోడల్లో సందు లేకుండా కణాలు అతుక్కుని ఉంటాయి. కొవ్వులో కరిగేవాటికి మాత్రం ఆ గోడే దారి. ఈ సంగతికీ మన పాలమూరుకూ ఓ చుట్టరికం ఉంది. 1890లో పాలమూరుకు మహబూబ్‌నగర్ అని పేరొచ్చింది ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ వల్లే కదా. క్లోరోఫాం అనే మత్తుమందు ఇచ్చి ఆపరేషన్ చేస్తుంటే కొందరు ఎందుకు చనిపోతున్నారో తేల్చమని 1888, 89లలో హైదరాబాద్‌లో రెండు కమిషన్లు నడిపించింది ఆయనే. లండన్ నుంచి డాక్టరును రప్పించడానికి వెయ్యి పౌండ్లు కూడా ఇచ్చాడు. ముందు ఆగేది ఊపిరే, దాన్ని కనిపెట్టుకుని ఉంటే చాలని వాళ్లు తేల్చారు. గుండె కూడా ఆగగలదని తర్వాత తెలిసింది, అది వేరే కథ.

ఆ తర్వాత పదేళ్లకు జర్మనీలో మేయర్, జ్యూరిక్‌లో ఓవర్టన్ ఎవరికి వారే కప్ప పిల్లల మీద మత్తుమందులు పరీక్షించారు. ఆలివ్ నూనెలో ఎంత బాగా కరిగే మందైతే అంత తక్కువకే కప్ప పిల్ల ఈత ఆపేస్తోంది! దాంతో మత్తంటే కొవ్వు పొర చెదిరిపోవడమేనని ఎనభై ఏళ్లు నమ్మారు. నేను చదువుకునే రోజుల్లో మాకూ అదే చెప్పారు. 1984లో ఫ్రాంక్స్, లీబ్ అనేవాళ్లు మిణుగురు పురుగుకు వెలుగునిచ్చే ప్రోటీన్‌ను కొవ్వన్నదే లేకుండా తీసి దాని మీద మత్తుమందు వేస్తే, దాని వెలుగూ తగ్గింది. కాబట్టి కొవ్వు పొర మందుకు దారి, మందు పట్టుకునేది ఎక్కువగా ప్రోటీన్‌ను.

సారాయి సంగతి మాత్రం కొంచెం వేరు. అందులోని ఆల్కహాల్ పొరలోని కొవ్వు అణువు తలను ఊడగొట్టి దాని చోట తనే కూర్చుంటుంది. తాగడం మానేసినా రెండు మూడు వారాల పాటు రక్తకణాల పొరల్లో ఆ ముద్ర పరీక్షకు దొరుకుతుంది.

ఇప్పుడు మీరెరిగిన మనిషి గురించి. మన వాడకట్టు చివర ఉండే పెద్దాయన, పేరెందుకు. రోజూ సాయంత్రం కల్లు కాంపౌండ్‌కు వెళ్లేవాడు. చెట్టు నుంచి దించిన ఈత కల్లు వేరు. చెట్లు చాలని చోట నీళ్లలో క్లోరల్ హైడ్రేట్, డయాజెపాం, ఆల్ప్రాజోలం అనే నిద్రమత్తు మందులు కలిపి అమ్మేది వేరు. 2015లో మన జిల్లాలో కల్తీ కల్లు మీద సర్కారోళ్లు గట్టిగా పడ్డారు, ఆయనకు అది దొరకడం ఆగింది. మూడో రోజు పొద్దున ఆయన మన అరుగు మీద కూర్చుని చొక్కా మీద లేని చీమల్ని దులుపుకుంటున్నాడు. చాయ్ గ్లాసు ఇస్తే సగం మోకాలి మీదే ఒలికింది. మధ్యాహ్నానికి ఫిట్స్. డయాజెపాం మెదడులోని బ్రేకును గట్టిగా నొక్కే మందు. ఏళ్ల తరబడి ఎవరో నొక్కుతుంటే మెదడు తన బ్రేకును సన్నం చేసుకుంటుంది. మందు ఒక్కసారిగా తీసేస్తే ఆపేదేముంది? దవాఖానలో అదే మందును ఇచ్చి, వారాల మీద కొంచెం కొంచెంగా తగ్గించారు. ఊళ్లో కొందరికి అది వింతగా తోచింది, తాగుబోతుకు మళ్లీ మత్తు మందా అని నన్నే అడిగారు. ఇప్పుడాయన పొద్దున్నే గొర్రెల్ని తోలుకుపోతున్నాడు, మీరు చూస్తూనే ఉన్నారు.

పెద్దోడు గంజాయి గురించి అడిగాడు, కాలేజీలో ఎవరో చెట్టు ఆకే కదా అన్నారట. దాని మత్తు పదార్థం కూడా కొవ్వులో కరిగేదే. ఒంట్లోని కొవ్వులో దాక్కుని రోజుల తరబడి కొద్దికొద్దిగా బయటికొస్తుంది. అది దూరే తాళానికి మెదడు సొంత తాళంచెవి ఒకటుంది. కణం పొరలోని కొవ్వునే తుంచి అప్పటికప్పుడు చేసుకుంటుంది. 1992లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్త మెకూలం బృందం దాన్ని కనిపెట్టి ఆనందమైడ్ అని పేరు పెట్టింది. మన ఆనందమే, సంస్కృతంలోంచి తీసుకున్నారు. పని కాగానే మెదడు దాన్ని నిమిషాల్లో కరిగించేస్తుంది. ఆకులోది గంటల తరబడి ఆ తాళాన్ని వదలదు, అదీ తొడుగు ఇంకా చుట్టుకుంటున్న వయసులో.

మీ మామయ్యతో అవిసెల పొడి డబ్బా పంపుతున్నాను. అందులోని ఒమేగా-3 18 కార్బన్ల పొట్టి రకం, ఒంట్లో దాన్ని డీహెచ్ఏగా సాగదీసుకోవాలి. అలా అయ్యేది కొద్దిగానే. చేప తినేవాళ్లకు అది తయారుగా దొరుకుతుంది, జూరాల ప్రాజెక్టు నుంచి మీ ఊరికి చేపల బండి వస్తుంది కదా. పొడి డబ్బాను మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టమని అమ్మకు చెప్పండి. వంపులెక్కువ ఉన్న కొవ్వును గాలి త్వరగా పట్టుకుంటుంది, నెలకే పాత నూనె వాసన వస్తుంది. వాసన వస్తే మొహమాటపడి తినకండి, పారేసి ఫోన్ చేయండి. మళ్లీ దంచి పంపుతాను.

మీ
తాత