మాల్టాలో ఒక కథపై కేసు: దాని వెనుక రెండు శతాబ్దాల తగవు

2009లో, మధ్యధరా సముద్రంలోని దీవి దేశం మాల్టాలో, విశ్వవిద్యాలయ ప్రాంగణంలో పంచిన ‘ఇర్‌-రియల్తా’ అనే విద్యార్థి పత్రికలో అలెక్స్ వెల్లా జేరా రాసిన ఒక కథ అచ్చయింది. స్త్రీలను భోగవస్తువులుగా మాత్రమే చూసే ఒక పురుషుడు తన నోటితో తానే చెప్పుకునే కథ అది. భాష కావాలనే పచ్చిగా ఉంటుంది. విశ్వవిద్యాలయం ఆ పత్రికను ప్రాంగణం నుంచి తీయించింది. రచయితపైనా, సంపాదకుడు మార్క్ కమిల్లేరిపైనా అశ్లీలత కేసు నడిచి, 2011లో ఇద్దరూ నిర్దోషులుగా బయటపడ్డారు. ‘స్టిచింగ్’ అనే ఆంగ్ల నాటకం ప్రదర్శనను సెన్సారు బోర్డు నిషేధించింది కూడా 2009లోనే. ఆ వివాదం యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం దాకా వెళ్లి 2018లో గాని తేలలేదు, అక్కడ గెలిచింది నాటక సమాజమే. ఐరోపా సమాఖ్యలో చేరి అప్పటికే ఐదేళ్లయిన దేశంలో ఒక కథ కోర్టుకెక్కడం బయటివారికి వింతగా తోచి ఉండవచ్చు గాని, మాల్టా సాహిత్య చరిత్ర తెలిసినవారికి అందులో కొత్తదనం లేదు. ఆ దీవిలో రచయితను ముందుగా విచారించేది చట్టం కాదు, ఊరు. ఊరంటే అక్కడ చర్చి పరిధి.

మొత్తం 316 చదరపు కిలోమీటర్ల దేశం అది. ప్రతి ఊరికీ ఒక పోషక పునీతుడు, ఏటా ఆయన పేర ఉత్సవం, ఆ ఉత్సవానికి వాయించే బ్యాండు క్లబ్బు ఉంటాయి; చాలా ఊళ్లలో క్లబ్బులు రెండు, వాటి మధ్య తరాల నాటి పోటీ ఒకటి. ఏ కుటుంబం ఏ క్లబ్బుదో, ఏ పార్టీదో ఊరందరికీ తెలుసు. 2023లో యునెస్కో జాబితాకెక్కిన ఈ ఉత్సవ సంప్రదాయం చూడముచ్చటైనదే. అయితే అందరూ అందరినీ ఎరిగిన చోట వెలి అన్నది ఎంత పదునైన ఆయుధమో ఊహించడం కష్టం కాదు.

ఆ ఆయుధపు దెబ్బ తిన్న రచయితలలో ముందుగా చెప్పుకోవలసినవాడు మికీల్ ఆంటొన్ వసల్లి. అరబ్బీ మూలం నుంచి పుట్టి, సిసిలీ, ఇటలీ భాషల మాటలను కలుపుకున్న మాల్టీస్‌ను అప్పట్లో చదువుకున్నవారు రాతకు పనికివచ్చే భాషగా పరిగణించేవారు కాదు. 15వ శతాబ్దంలో పియెత్రు కశారో రచించిన ఇరవై పాదాల పద్యమొకటి ఉన్నా, ఒక నోటరీ రిజిస్టరులో దాగిన ఆ పద్యం 1966 దాకా ఎవరి కంటా పడలేదు. అప్పటికి మాల్టాను ఏలుతున్న కాథలిక్ సైనిక సంఘం సెయింట్ జాన్ యోధుల ఏలుబడి చివరి రోజుల్లో, 1796లో, వసల్లి తన నిఘంటువును మాల్టా జాతినే సంబోధిస్తూ వెలువరించి, ప్రజలకు వారి భాషలోనే చదువు చెప్పాలని వాదించాడు. యోధుల ప్రభుత్వంపై కుట్రలో చేరాడని జైలు పాలయ్యాడు, తరువాత మాల్టాను ఏలిన బ్రిటిష్‌వారి చేత ప్రవాసానికి వెళ్లగొట్టబడ్డాడు. 1820లో తిరిగివచ్చి, విశ్వవిద్యాలయంలో మాల్టీస్‌కు తొలి ఆచార్యుడయ్యాడు. ప్రొటెస్టెంట్ మిషనరీల కోసం సువార్తలను మాల్టీస్‌లోకి అనువదించినందున, 1829లో మరణించినప్పుడు కాథలిక్ శ్మశానంలో ఆయనకు చోటు దొరకలేదు. ప్రొటెస్టెంట్ల శ్మశానంలో పూడ్చారు.

తరువాతి వందేళ్ల భాషా వివాదం పైకి ఇటాలియన్‌కూ ఇంగ్లీషుకూ మధ్య పోరు. న్యాయవాదులు, మతాధికారులు, పాత కుటుంబాలు ఇటాలియన్ పక్షం. వలస ప్రభుత్వం, ఓడరేవు కొలువుల మీద బతికేవారు ఇంగ్లీషు పక్షం. ఇంట్లోనూ సంతలోనూ అందరూ మాట్లాడే మాల్టీస్ ఈ రెండింటి నడుమ నలిగింది. 1920లో రచయితలు సంఘంగా ఏర్పడి లిపిని, వ్యాకరణాన్ని స్థిరపరచగా, 1934లో ప్రభుత్వం వాటిని ఆమోదించి మాల్టీస్‌ను అధికార భాషను చేసింది. అప్పటిదాకా ఇటాలియన్‌లో పద్యాలు రాస్తూ వచ్చిన పూజారి దున్ కార్మ్ ప్సైలా 1912లో మాల్టీస్ వైపు మళ్లాడు. రాబర్ట్ సముత్ కట్టిన బాణీకి బడిపిల్లలు పాడుకోవడానికని ఆయన రాసిన పాటే తరువాత జాతీయ గీతమైంది. అది చిన్న ప్రార్థన. అందులో యజమానికి దయను, పనివాడికి బలాన్ని ఇమ్మని దేవుణ్ని వేడుకుంటాడు. 1919లో రొట్టె ధర మీద చెలరేగిన అల్లర్లలో బ్రిటిష్ సైనికుల కాల్పులకు నలుగురు చనిపోయిన దేశంలో ఆ పాదం ఊరికే వచ్చినది కాదు.

చదువుకున్నవారు ఇలా భాష కోసం తగవులాడుతున్న కాలంలోనే సారాయి కొట్లలో ‘ఆనా’ అనే జానపద గానం ఎవరి అనుమతీ అడగకుండా సాగుతూ వచ్చింది. గిటార్లు మోగుతుండగా ఇద్దరు గాయకులు ఎదురెదురుగా నిలిచి, అప్పటికప్పుడు నాలుగేసి పాదాలు అల్లి ఒకరికొకరు బదులు చెప్పుకుంటారు. అంత్యప్రాస రెండో, నాలుగో పాదాలకు కుదరాలి. ఎదుటివాడు ఎత్తుకున్న విషయం జారిపోకూడదు. మన అవధాన సభల్లోని సమయస్ఫూర్తి ఎరిగినవారికి ఇది వెంటనే రుచిస్తుంది. పెద్దింటివారు చాలాకాలం చిన్నచూపు చూసిన ఈ పాటకు 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది.

చర్చితో తగవు పరాకాష్ఠకు చేరింది 1961లో. డామ్ మింటోఫ్ నాయకత్వంలోని లేబర్ పార్టీకీ, ఆర్చిబిషప్ గోన్జీకీ మధ్య వైరం ముదిరి, ఆ పార్టీ కార్యవర్గాన్ని చర్చి సంస్కారాల నుంచి వెలివేశారు. లేబర్ పత్రికలను చదవడం, అమ్మడం కూడా మహాపాపమని ప్రకటించారు. పార్టీ ఉపనాయకుడు గుజె ఎల్లుల్ మెర్సెర్ నవలాకారుడు కూడా. 1938 నాటి ఆయన నవల ‘లెలి తా హజ్‌-జ్గీర్’లో పల్లెటూరి యువకుడొకడు చదివిన పుస్తకాల వల్లనే ఊరికీ, తన విశ్వాసానికీ దూరమై లోలోపల నలిగిపోతాడు. రాసినవాడికీ చివరికి అదే ఎడబాటు ఎదురైంది: 1961 సెప్టెంబరులో మరణించిన ఆయనను అద్దొలొరాతా శ్మశానంలో, జనం చెత్తకుప్ప అని పిలిచిన అపవిత్ర స్థలంలో పూడ్చిపెట్టారు. చర్చికీ పార్టీకీ సయోధ్య కుదిరింది 1969లో. ఆ గాయం తగిలిన ఇళ్లలో పెరిగిన యువతరం అంతకు ముందే, 1967లో, సాహిత్య పునరుజ్జీవన ఉద్యమాన్ని స్థాపించింది. ఒలివర్ ఫ్రిజ్జేరి, ఫ్రాన్స్ సమ్ముత్ వంటివారు దేశభక్తి పద్యాలను పక్కనపెట్టి, ఊరి ఊపిరాడనితనాన్ని రాశారు. సమ్ముత్ 1971లో వెలువరించిన నవల పేరే ‘పంజరం’.

ఈ వరుసలో పెట్టి చూస్తే 2009 నాటి కేసు ఆ పాత వెలికి చట్టం తొడుగు వేసుకున్న రూపమే, కాకపోతే ఈసారి ఊరు ఓడింది. 2011లోనే ప్రజాభిప్రాయ సేకరణలో విడాకుల హక్కు నెగ్గింది. 2012లో రంగస్థల సెన్సారు రద్దయింది. 2016లో మతదూషణ నేరం చట్టం నుంచి తొలగిపోయింది. విచారణ ఎదుర్కొన్న ఆ విద్యార్థి సంపాదకుణ్నే 2013లో ప్రభుత్వం జాతీయ గ్రంథ మండలికి అధ్యక్షుణ్ని చేసింది. ఇక 2017లో ఐరోపా సమాఖ్య సాహిత్య బహుమతి పొందిన మాల్టీస్ నవలాకారుడు వలీద్ నభాన్ జోర్డాన్‌లో పాలస్తీనా కుటుంబంలో పుట్టి, 1990లో మాల్టాకు వచ్చినవాడు. ఏ ఊరి ఉత్సవపు లెక్కల్లోనూ లేని ఆ రచయిత, ఒకప్పుడు రాతకు పనికిరాదన్న ఆ భాషలోనే ప్రవాసపు కథను రాశాడు.