ట్యాంకు గరగరమంటోందా?

చిరంజీవులకు ఆశీస్సులు.

రిమోట్‌తో నడిచే బొమ్మ యుద్ధట్యాంకు గరగరమనగానే గేర్‌బాక్సు, అంటే మోటారు తిప్పుడును చక్రాలకు అందించే గేర్ల పెట్టె, విప్పేయాలని మీ చేతులు దురదపెడతాయని తెలుసు. కాస్త ఆగండి. మోత గేర్‌బాక్సులోంచే వచ్చినా కారణం చాలాసార్లు బయటే ఉంటుంది.

ముందు ట్రాకులు, అంటే చక్రాల చుట్టూ తిరిగే పట్టీలు, రెండూ తీసి, ట్యాంకు పొట్ట కింద చెక్కముక్క పెట్టి, చక్రాలు నేలకు తగలకుండా నడపండి. మోత ఆగిపోయిందా? ట్రాకు మరీ బిగుతుగా ఉందేమో, సడలించి చూడండి. ఆగకపోతే గేర్‌బాక్సును అడుగుభాగానికి పట్టి ఉంచే స్క్రూలను అరచుట్టు వదులు చేసి మళ్లీ వినండి. మోత తగ్గితే పెట్టె మెలిపడిందని అర్థం. అడుగు సమతలంగా లేనిచోట స్క్రూలు గట్టిగా బిగిస్తే పెట్టె వంగి, ఇరుసులు తాము తిరిగే బుష్‌లలో (చిన్న గొట్టాల్లాంటి ఆధారాల్లో) పట్టేస్తాయి. ఎత్తు తక్కువైన మూల కింద పల్చటి వాషర్ వేస్తే సరి.

ఒక పక్క నడక మందగిస్తే, బ్యాటరీ తీసేసి, మోటార్లకు కరెంటు పంపే సర్క్యూట్ బోర్డు దగ్గర కుడి ఎడమ మోటార్ల తీగలు అటూ ఇటూ మార్చి చూడండి. లోపం రెండో పక్కకు వెళితే తప్పు బోర్డుది. కదలకుండా అక్కడే ఉంటే మోటారుదో గేర్లదో.

టక్ టక్ మనే చప్పుడైతే లెక్కపెట్టండి. ట్రాకును తిప్పే పళ్లచక్రం ఒక చుట్టు తిరిగేసరికి ఒక్కసారి టక్కుమంటే చివరి గేరును అనుమానించాలి. అదే చుట్టులో గబగబా చాలాసార్లు కొడితే మోటారు పక్క గేర్లను చూడాలి. ప్లాస్టిక్ గేరులో పళ్లన్నీ ఉన్నా మోసపోకండి. ఇరుసు దగ్గర సన్నగా చీలితే ఆ చోట రెండు పళ్ల మధ్య ఎడం పెరిగి, ప్రతి చుట్టుకూ కొడుతుంది. జిగురు నిలవదు, గేరు మార్చాల్సిందే.

కీచుమనే మోతకు తరచూ పినియన్, అంటే మోటారు ఇరుసు మీది చిన్న గేరు, కారణం. పెద్ద గేరును మరీ ఒత్తుకుంటే అరుస్తుంది, మరీ దూరమైతే పళ్లు అరుగుతాయి. మోటారు స్క్రూ రంధ్రాలు కోలగా ఉంటే ఎడం సరిచేయవచ్చు: రెండింటి మధ్య మామూలు కాగితం పట్టీ పెట్టి, మోటారును ఆనించి బిగించి, గేరు తిప్పుతూ కాగితం లాగేయండి. కాగితం మీద మడతలు పడాలి, చిరగకూడదు.

మోటారు తిరుగుతున్నా ట్రాకు కదలకపోతే పినియన్ జారుతోందేమో చూడండి. కొన్నిటిని గ్రబ్ స్క్రూ, అంటే తలలేని చిన్న స్క్రూ, పట్టి ఉంచుతుంది. మోటారు ఇరుసు మీద ఒక పక్క చదును చేసి ఉంటే స్క్రూ సరిగ్గా దానిమీదే కూర్చోవాలి. లోహానికి లోహం తగిలేచోట థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదులవకుండా పట్టి ఉంచే ద్రవం) ఒక చుక్క చాలు. ప్లాస్టిక్‌కు మాత్రం తగలనివ్వకండి, పగుళ్లిస్తుంది.

ఇక గ్రీజు. పళ్ల మీద పల్చటి పొరే కావాలి. ముద్దలుగా పూస్తే దుమ్ము పట్టి ఇసుక కాగితంలా పళ్లను అరగదీస్తుంది. తుప్పు వదిలించే స్ప్రే గ్రీజుకు బదులు కాదు, ఉన్న గ్రీజును కూడా కడిగేస్తుంది.

కొత్త ఉక్కు గేర్లు ప్లాస్టిక్ వాటికన్నా గట్టిగానే మోగుతాయి. ట్రాకులు లేకుండా ముందుకు పది నిమిషాలు, వెనక్కి పది నిమిషాలు నెమ్మదిగా నడిపి, పాత గ్రీజు తుడిచి కొత్తది పూయండి. ఆపైన మిగిలే సన్నటి హోరుకు గేర్‌బాక్సు విప్పక్కర్లేదు.

ఇట్లు,
మీ తాతయ్య