చెమ్మణి తవ్వకాలు: 2015లో ఇచ్చిన మాట ఏమైంది?

చెమ్మణి పేరు చెన్నైలో మళ్లీ వినిపిస్తోంది. ఉత్తర శ్రీలంకలోని జాఫ్నా ఊరి అంచున ఉన్న అక్కడి శ్మశానంలో 2025 ఫిబ్రవరిలో నిర్మాణ పనులకు మట్టి తవ్వుతుంటే ఎముకలు బయటపడ్డాయి. కోర్టు పర్యవేక్షణలో తవ్వుతూ పోగా 200కు పైగా అస్థిపంజరాలు తేలాయి. వాటిలో పసిపిల్లలవీ ఉన్నాయి. మట్టిలోంచి నీలం రంగు బడి సంచి, ఓ బొమ్మ కూడా వచ్చాయి. దాంతో పాత వివాదం మళ్లీ రాజుకుంది. అంతర్జాతీయ విచారణే కావాలని బాధిత కుటుంబాలు అంటుంటే, మా కోర్టులు మాకున్నాయని కొలంబో అంటోంది.

శ్రీలంక సైన్యానికీ తమిళ పులులకూ మధ్య 1983 నుంచి 2009 దాకా నడిచిన యుద్ధ చరిత్ర చెన్నైవాసులకు కొత్తగా చెప్పక్కర్లేదు. టి.నగర్, రాయపురం తెలుగిళ్లకు కూడా 2013 మార్చి గుర్తుండే ఉంటుంది. లయోలా కాలేజీ విద్యార్థులు నిరాహార దీక్షకు కూర్చున్నదీ, డీఎంకే యూపీఏ నుంచి తప్పుకున్నదీ, జెనీవాలోని ఐరాస మానవ హక్కుల మండలిలో భారత్ శ్రీలంకకు వ్యతిరేకంగా ఓటేసిందీ ఆ నెలలోనే. అయితే నేటి వివాదానికి మూలం అక్కడ లేదు, 2015 అక్టోబరు 1న ఉంది.

ఆ రోజు అదే మండలి శ్రీలంకపై 30/1 తీర్మానాన్ని ఓటింగ్ లేకుండానే ఆమోదించింది. శ్రీలంక దాన్ని వ్యతిరేకించకపోగా తానూ సహ ప్రతిపాదకురాలిగా చేరింది. యుద్ధ నేరాల విచారణకు శ్రీలంకలో ఏర్పాటయ్యే న్యాయ వ్యవస్థలో కామన్వెల్త్, ఇతర విదేశీ న్యాయమూర్తులు, ప్రాసిక్యూటర్లు, దర్యాప్తు అధికారులు పాల్గొనాలన్నది ఆరో పేరా. ఈ మాట బయటివాళ్లు బలవంతంగా రుద్దింది కాదు. యుద్ధం ముగిసినప్పటి అధ్యక్షుడు మహింద రాజపక్సను ఓడించి వచ్చిన సిరిసేన ప్రభుత్వం స్వయంగా ఒప్పుకున్నది. ఐరోపా 2010లో ఆపేసిన జీఎస్పీ ప్లస్ సుంకాల రాయితీ అప్పట్లో ఆ ప్రభుత్వానికి అత్యవసరం. 2017 మేలో రాయితీ తిరిగొచ్చింది, కోర్టు మాత్రం రాలేదు. సంతకం ఆరకముందే, 2016 జనవరిలో, విదేశీ జడ్జీలు అక్కర్లేదని సిరిసేన బీబీసీకి చెప్పేశారు. ఏడాది తర్వాత ప్రభుత్వం వేసిన సంప్రదింపుల బృందమే ప్రతి ధర్మాసనంలో కనీసం ఒక విదేశీ న్యాయమూర్తి ఉండాలని సిఫారసు చేసినా ఫలితం లేదు.

విదేశీ జడ్జీలకు తమ రాజ్యాంగం ఒప్పుకోదనీ, నిజం తేల్చడానికి దేశంలోనే సంస్థలున్నాయనీ కొలంబో వాదన.

ఆ సంస్థల తీరు బాధితులు చూసినదే. ఆచూకీ లేనివారి కోసం 2016లో చట్టం చేసి ఓ కార్యాలయం పెట్టారు. అది కనుక్కున్న విషయాల ఆధారంగా ఎవరికీ క్రిమినల్ బాధ్యత అంటదని ఆ చట్టంలోనే రాసుకున్నారు. కిలినొచ్చిలో తల్లులు బిడ్డల ఫొటోలు పట్టుకుని 2017 ఫిబ్రవరిలో రోడ్డు పక్కన కూర్చున్నారు. ఇక మిరుసువిల్‌లో 2000లో ఒక పసివాడితో సహా ఎనిమిది మంది పౌరుల్ని చంపిన కేసు చూడండి. ఓ సార్జెంటుకు 2015లో మరణశిక్ష పడింది, 2019లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. దేశీయ కోర్టులు చూపించుకోగలిగిన అరుదైన తీర్పు అది. 2020 ఫిబ్రవరిలో మహింద తమ్ముడు గోటబయ రాజపక్స ప్రభుత్వం 30/1 నుంచి తప్పుకుంది. మరుసటి నెలలోనే ఆ సార్జెంటుకు క్షమాభిక్ష పెట్టింది.

చెమ్మణి గురించి తొలిసారి చెప్పింది కూడా ఒక సైనికుడే. హత్య కేసులో శిక్ష పడ్డ లాన్స్ కార్పొరల్ 1998లో కోర్టులో నిలబడి, అక్కడ 300 నుంచి 400 శవాలు పూడ్చామన్నాడు. 1999లో తవ్వి 15 తీశారు. అక్కడితో ఆపేశారు.

అంతర్జాతీయ క్రిమినల్ కోర్టుకు వెళ్దామంటే దాన్ని ఏర్పాటు చేసిన రోమ్ ఒప్పందంలో శ్రీలంక లేదు, భారత్ కూడా లేదు. ఐరాస భద్రతా మండలి పంపితే తప్ప ఆ దారి తెరుచుకోదు. మిగిలింది మానవ హక్కుల మండలి 2021లో చేసిన 46/1 తీర్మానం కింద జెనీవాలో పోగవుతున్న సాక్ష్యాలే. ఇతర దేశాల ప్రాసిక్యూటర్లు వాటిని వాడుకోవచ్చు. 2024లో అధ్యక్షుడిగా ఎన్నికైన అనుర కుమార దిసనాయకే ప్రభుత్వం కూడా ఈ ఏర్పాటును ఒప్పుకోలేదు. భారత్ 2021లోనూ 2022లోనూ మండలిలో ఓటింగ్‌కు దూరంగా ఉండిపోయింది.

ఎముకలు ఎవరివో తేలాలంటే రక్తసంబంధీకుల డీఎన్ఏ కావాలి. జాఫ్నా యుద్ధాన్ని తప్పించుకుని 1990లలో పడవలెక్కి వచ్చినవాళ్లు తమిళనాడు క్యాంపుల్లో ఇప్పటికీ ఉన్నారు. ఆంధ్ర సరిహద్దుకు దగ్గరున్న గుమ్మిడిపూండిలోనూ అలాంటి క్యాంపు ఉంది. వాళ్ల నమూనాలు తీసి, స్వతంత్ర ల్యాబుకు పంపేలా కొలంబోను ఒప్పించాలని ఢిల్లీని చెన్నై అడగాలి.