హార్వీ మిల్క్ గెలిచిన ఆ ఒక్క సీటు, దాని వెనక ఉన్న వార్డుల గొడవ

శాన్ ఫ్రాన్సిస్కో ఎయిర్‌పోర్టులో టెర్మినల్ 1 కి హార్వీ మిల్క్ పేరు పెట్టారు, బే ఏరియాలో ఉండే మనవాళ్ళు ఎంతమందో ఆ బోర్డు చూస్తూనే వెళ్ళొస్తుంటారు. ఎవరాయన అంటే చాలామందికి తెలిసింది ఇంతే, గే అని అందరిముందూ చెప్పుకుని ఎలక్షన్లో గెలిచాడు, తర్వాత కాల్చి చంపేశారు. అది నిజమే. కానీ వరసగా మూడుసార్లు ఓడిపోయిన మనిషి నాలుగోసారి ఎలా గెలిచాడన్నది పెద్దగా ఎవరూ మాట్లాడరు, నా దృష్టిలో మాత్రం తెలుసుకోవాల్సింది అదే. ఆయన పదవిలో ఉన్నది 11 నెలలు కూడా కాదు, ఆ సీటు కోసం తిరిగింది మాత్రం నాలుగేళ్ళకి పైనే.

ముందు ఒక చిన్న సవరణ. అమెరికాలో గే అని చెప్పుకుని గెలిచిన మొట్టమొదటి వ్యక్తి మిల్క్ అని చాలాచోట్ల రాసేస్తుంటారు, అది కరెక్టు కాదు. 1974 ఏప్రిల్లోనే మిషిగన్‌లోని ఆన్ ఆర్బర్ సిటీ కౌన్సిల్‌కి కాతీ కొజచెంకో అనే అమ్మాయి తను లెస్బియన్ అని ఓపెన్‌గా చెప్పి గెలిచింది. ఆమె పేరు ఇంకా ఎక్కువమందికి తెలియాలి. మిల్క్ కాలిఫోర్నియాలో మొదటివాడు. ఆయన గెలిచిన పదవిని అక్కడ సూపర్‌వైజర్ అంటారు, సిటీ, కౌంటీ రెండూ ఒకటే కాబట్టి ఆ పేరు, మొత్తం 11 మంది ఉంటారు, మన లెక్కలో చెప్పాలంటే కార్పొరేటరే.

మిల్క్ అసలు ఆ ఊరివాడే కాదు. 1930 మే 22న న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలండ్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు, కొరియా యుద్ధం టైంలో నేవీలో చేరి లెఫ్టినెంట్ (జూనియర్ గ్రేడ్) దాకా వెళ్ళాడు, గే అన్న కారణంతోనే 1955లో బలవంతంగా బయటకి పంపించేశారు. అదే నేవీ 2021లో ఒక ఓడకి ఆయన పేరు పెట్టి నీళ్ళలోకి దింపింది, మళ్ళీ 2025లో ఆ పేరు తీసేసింది. నేవీ తర్వాత స్కూల్లో టీచరు, ఇన్సూరెన్స్ కంపెనీలో లెక్కలు, వాల్ స్ట్రీట్‌లో ఉద్యోగం, ఇలా అన్నీ చేశాడు. 1964లో ప్రెసిడెంట్ పదవికి నిలబడ్డ రిపబ్లికన్ గోల్డ్‌వాటర్‌ని సపోర్ట్ చేసిన పక్కా కన్సర్వేటివ్ అంటే ఇప్పుడు నమ్మబుద్ధి కాదు.

1972లో పార్ట్‌నర్ స్కాట్ స్మిత్‌తో కలిసి శాన్ ఫ్రాన్సిస్కో వచ్చేశాడు, తర్వాతి ఏడాది కాస్ట్రో స్ట్రీట్లో 575 నంబర్ బిల్డింగ్‌లో కెమెరా షాపు పెట్టాడు. కాస్ట్రో అప్పటిదాకా ఐరిష్ క్యాథలిక్ కూలీనాలీ కుటుంబాల పేట, వాళ్ళు శివార్లకి వెళ్ళిపోతుంటే పాత ఇళ్ళు చవగ్గా దొరుకుతున్నాయని గే కుర్రాళ్ళు వచ్చి చేరుతున్నారు. పాత వ్యాపారుల సంఘానికి ఇది నచ్చలేదు, ఇద్దరు గే వాళ్ళు షాపు పెట్టుకుంటామంటే అడ్డుపడ్డారు, దాంతో మిల్క్ వేరే సంఘం పెట్టి వీధి మొత్తానికి బేరం పెరిగేలా 1974లో కాస్ట్రో స్ట్రీట్ ఫెయిర్ మొదలుపెట్టాడు. ఆయన రాజకీయంలోకి రావడం కూడా ఆ షాపు కౌంటర్ దగ్గరే మొదలైంది. సేల్స్ టాక్స్ కోసం 100 డాలర్లు డిపాజిట్ కట్టమని ఒక ఆఫీసర్ వస్తే గొడవపడి వారాల తరబడి తిరిగి 30 డాలర్లకి దింపించాడు, ఇంకోరోజు ఒక టీచరమ్మ స్కూల్లో ప్రొజెక్టర్ పనిచేయట్లేదు మీది ఇస్తారా అని అడగడానికి వచ్చింది, అదీ ఆయనకి బాగా తగిలింది.

1973లో మొదటిసారి నిలబడ్డాడు, 32 మందిలో పదో స్థానం. 1975లో ఆరు సీట్లకి పోటీ చేస్తే ఏడో స్థానం, ఒక్క మెట్టు కింద ఆగిపోయాడు. ఇక్కడ అప్పటి పద్ధతి అర్థం చేసుకోవాలి. వార్డులు లేవు, ఊరు ఊరంతా ఒకటే నియోజకవర్గం, అందరూ అందరికీ ఓట్లేస్తారు, పైనుంచి ఎన్ని సీట్లుంటే అంతమంది గెలుస్తారు. అంటే ఊరంతా పోస్టర్లు వేసుకోగల డబ్బున్నోళ్ళకి, పార్టీ పెద్దల అండ ఉన్నోళ్ళకే దారి. కాస్ట్రోలో మిల్క్‌కి ఓట్లు కుప్పలుగా పడ్డాయి, కానీ ఊరి మొత్తం లెక్కలో అవి సరిపోలేదు. చైనాటౌన్ వాళ్ళది, నల్లజాతి పేటలదీ ఇదే బాధ.

ఐతే ఆ ఓటముల మధ్యలోనే ఆయన ఒక పని చేశాడు, నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే. బీర్ లారీ డ్రైవర్ల యూనియన్ నాయకుడు ఆలన్ బెయిర్డ్ వచ్చి కూర్స్ బీర్‌ని బాయ్‌కాట్ చెయ్యాలి, మీ గే బార్ల సాయం కావాలి అన్నాడు. మిల్క్ సరే అన్నాడు, కానీ ఒక షరతు, మావాళ్ళకి డ్రైవర్ ఉద్యోగాలు ఇవ్వాలి. బార్లన్నీ ఆ బీర్ ఆపేశాయి, గే కుర్రాళ్ళు లారీలెక్కారు, గేలంటేనే మొహం తిప్పుకునే కార్మిక సంఘాలు 1975 వచ్చేసరికి ఆయనకి సపోర్ట్ ఇచ్చాయి. జాలి చూపించమని అడగకుండా, నీ కష్టానికి నేనొస్తా నా కష్టానికి నువ్వు రా అని సమానంగా మాట్లాడాడు.

అదే 1975లో మేయర్‌గా గెలిచినవాడు జార్జ్ మాస్కోనీ. తర్వాత మిల్క్‌తో పాటే ఈయన్నీ చంపేశారు, కానీ ఈయన పేరు మిల్క్ పక్కన రావడానికి కారణం అదొక్కటే కాదు. ఇద్దరు మేజర్లు ఇష్టపడి చేసినా గే సెక్స్ నేరమే అనే చట్టాన్ని కాలిఫోర్నియాలో తీసేయడానికి రాష్ట్ర సెనేట్‌లో గట్టిగా నిలబడింది మాస్కోనీయే, ఓట్లు 20-20 సమానంగా వస్తే సెనేట్‌కి అధ్యక్షత వహించే లెఫ్టినెంట్ గవర్నర్ విమానంలో వచ్చి ఓటేసి గట్టెక్కించాడు. అక్కడ అది 1976 జనవరి నుంచి నేరం కాదు, మన దగ్గర సెక్షన్ 377లో ఆ ముక్క పోవడానికి 2018 సెప్టెంబర్ 6 దాకా ఆగాల్సి వచ్చింది. మాస్కోనీ మిల్క్‌ని సిటీ పర్మిట్ల అప్పీళ్ళ బోర్డులో వేశాడు, ఐదు వారాలకే ఈయన స్టేట్ అసెంబ్లీకి పోటీ చేస్తానంటే తీసేశాడు. ఆ పోటీలో 4 వేల కంటే తక్కువ ఓట్లతో ఓడిపోయాడు, అది మూడో ఓటమి.

1976 నవంబర్లో అసలు మలుపు వచ్చింది. పేటల సంఘాలన్నీ కలిసి ప్రపోజిషన్ టీ అని పెట్టి జనం ఓటుతో గెలిపించాయి, ఊరిని 11 డిస్ట్రిక్టులుగా విడదీసి ఎవరి పేట మనిషిని వాళ్ళే ఎన్నుకునేలా. 1977 నవంబర్ 8న ఐదో డిస్ట్రిక్టులో మిల్క్ మీద ఇంకో 16 మంది నిలబడ్డారు, అయినా దాదాపు 30 శాతం ఓట్లతో ఆయనే గెలిచాడు. ఆ ఒక్క ఎలక్షన్లోనే చైనీస్ మూలాలున్న గోర్డన్ లా, నల్లజాతి మహిళ ఎల్లా హిల్ హచ్, ఒంటరి తల్లి క్యారల్ రూత్ సిల్వర్, ఇలా అప్పటిదాకా కనిపించని మొహాలు లోపలికి వచ్చాయి. మాజీ పోలీసు, ఫైర్‌మ్యాన్ డాన్ వైట్ కూడా అదే పద్ధతిలో తన పేట నుంచి వచ్చాడు.

పదవిలోకి వచ్చాక ఉద్యోగం, ఇల్లు విషయాల్లో గేల మీద వివక్ష చూపకూడదని ఆర్డినెన్స్ తెచ్చాడు, 10-1తో పాసైంది, ఆ ఒక్క ఓటు డాన్ వైట్‌ది. తన పేటలో నేరాలు చేసిన పిల్లల కోసం సెంటర్ పెట్టడాన్ని వైట్ వ్యతిరేకిస్తే మిల్క్ ఆయన పక్కన నిలబడలేదు, ఆ కోపం అక్కడ మొదలైంది. కుక్కల యజమానులు రోడ్డు మీద పెంట తామే ఎత్తాలన్న రూలు కూడా మిల్క్‌దే, ఊళ్ళో జనం ఎక్కువ మెచ్చుకున్నది దాన్నే.

అదే ఏడాది గే టీచర్లనీ, వాళ్ళని సపోర్ట్ చేసి మాట్లాడేవాళ్ళనీ ఉద్యోగాల్లోంచి తీసేయొచ్చని జాన్ బ్రిగ్స్ అనే రాష్ట్ర సెనేటర్ ప్రపోజిషన్ 6 తెచ్చాడు. మొదట్లో అది గెలిచేలాగే ఉంది. మిల్క్, ప్రొఫెసర్ శాలీ గేర్‌హార్ట్ ఊరూరా తిరిగి డిబేట్లు చేశారు, మీరు ఎవరో మీ ఇంట్లోవాళ్ళకి, పక్కింటివాళ్ళకి చెప్పండి అని మిల్క్ గేలందరినీ బతిమాలాడు, తెలిసిన మనిషికి వ్యతిరేకంగా ఓటెయ్యడం కష్టం అన్నది ఆయన నమ్మకం. కన్సర్వేటివ్ అయిన మాజీ గవర్నర్ రొనాల్డ్ రీగన్ కూడా వద్దన్నాడు. 1978 నవంబర్ 7న 58 శాతం మంది కాదన్నారు.

ఆ తర్వాత మిల్క్ మూడు వారాలు కూడా బతకలేదు. జీతం చాలట్లేదని రాజీనామా చేసిన వైట్ మళ్ళీ ఆ సీటు కావాలన్నాడు, మేయర్ ఒప్పుకోలేదు, నవంబర్ 27న సిటీ హాల్ బేస్‌మెంట్ కిటికీలోంచి దూరి మాస్కోనీనీ, తర్వాత మిల్క్‌నీ కాల్చి చంపేశాడు. ఆ రాత్రి వేలమంది కొవ్వొత్తులు పట్టుకుని కాస్ట్రో నుంచి సిటీ హాల్ దాకా మౌనంగా నడిచారు. ఇద్దరిని చంపినందుకు వైట్‌కి పడింది ఏడేళ్ళ ఎనిమిది నెలలు, 1979 మే 21న జ్యూరీ తీర్పు వచ్చిన రాత్రి ఊళ్ళో అల్లర్లు జరిగి పోలీసు కార్లు తగలబడ్డాయి, తెల్లారితే మిల్క్ పుట్టినరోజు.

ఇక వార్డుల సంగతి. ఈ హత్యల తర్వాత ఊళ్ళో భయం, 1980 ఆగస్టులో డిస్ట్రిక్టు ఎలక్షన్లని జనం ఓటుతోనే రద్దు చేసేసి పాత పద్ధతి తెచ్చారు. మిల్క్ సీట్లోకి వచ్చిన హ్యారీ బ్రిట్ ఆ తర్వాత ఊరంతా తిరిగి ఓట్లు తెచ్చుకుని 1990ల మొదటిదాకా నిలబడ్డాడు. పేటకొక మనిషిని ఎన్నుకునే పద్ధతి శాన్ ఫ్రాన్సిస్కోకి మళ్ళీ వచ్చింది 2000లో, మిల్క్ పోయిన 22 ఏళ్ళకి.