గ్యాస్ నేలమీదే ఎందుకుంటుంది?

విజయనగరం

చిరంజీవులకు తాతయ్య దీవెనలు.

సిరిమానుకి మీరొచ్చినప్పుడు వంటింట్లో గ్యాస్ వాసన వచ్చింది, గుర్తుందా? నానమ్మ రెగ్యులేటర్ కట్టేసి, తలుపులన్నీ బార్లా తీసి, ఫ్యాను స్విచ్ మీదికి వెళ్తున్న పెద్దాడి చేతిని ఒక్క కేకతో ఆపింది. "పొగ పైకి పోతుంది కదా తాతయ్యా, గ్యాస్ నేలమీద ఎందుకుంటుంది?" అని చిట్టి అడిగింది. ఈలోగా మీ రైలు టైమైపోయింది. ఆ బాకీ ఇప్పుడు తీరుస్తున్నాను.

పీడనం, ఉష్ణోగ్రత ఒకటే అయితే, ఒకే కొలత గల పెట్టెలో ఏ వాయువు నింపినా అణువుల లెక్క ఒక్కటే. 1811లో అవొగాడ్రో చెప్పిన ఈ మాట ఇన్నేళ్లు పాఠం చెప్పినా నాకింకా అబ్బురంగానే ఉంటుంది. మీ పుస్తకంలో పీవీ = ఎన్‌ఆర్‌టీ అని ఉంటుంది చూడండి, అందులోంచే లెక్క తీద్దాం. పీ అంటే పీడనం, వీ ఘనపరిమాణం, ఎన్ మోళ్లు, ఆర్ మారని సంఖ్య 8.314, టీ కెల్విన్‌లలో ఉష్ణోగ్రత. మోలు అంటే డజనులాగే అణువుల్ని లెక్కపెట్టే ఒక పెద్ద కట్ట. వాతావరణ పీడనం 1,01,325 పాస్కల్స్. దాన్ని 8.314తోనూ, 300తోనూ భాగించండి. ఘనపు మీటరుకి 40.6 మోళ్లు వస్తాయి. 300 ఎక్కడిదంటారా? 27 డిగ్రీల సెల్సియస్‌కి 273 కలిపి కెల్విన్‌లోకి మార్చాను. పరీక్ష టెన్షన్‌లో ఇది మరిచిపోయి 27 వేసేసే పిల్లలు ప్రతి ఏడూ ఉంటారు.

ఇక చూడాల్సింది మోలు బరువు ఒక్కటే. గాలిలో నూటికి 78 పాళ్లు నైట్రోజన్ (28), 21 ఆక్సిజన్ (32), 1 ఆర్గాన్ (40). ఒక్కోదాన్ని దాని పాలుతో గుణించి కలిపితే మోలుకి 28.96 గ్రాములు. 40.6తో గుణిస్తే ఘనపు మీటరు గాలి 1.18 కిలోలు.

గ్యాస్ బండలో ఉండేది ముఖ్యంగా ప్రొపేన్ (44), బ్యూటేన్ (58). పాళ్లు మారుతుంటాయి, మన లెక్కకి 40, 60 అనుకుందాం. 17.6, 34.8 కలిపితే 52.4. అంటే ఘనపు మీటరుకి 2.13 కిలోలు, గాలికి దాదాపు 1.8 రెట్లు! అందుకే అది వంటింటి గడప లోపల మడుగులా నిలుస్తుంది. స్విచ్‌లో చిన్న నిప్పురవ్వ చాలు.

పొగ సంగతి వేరు, అది వేడిది. 327 డిగ్రీల దగ్గర, అంటే 600 కెల్విన్ దగ్గర, అదే ఘనపు మీటరులో సగం మోళ్లే పడతాయి. అందుకే తేలిపోతుంది.

ఒక్క జాగ్రత్త. సగటు మోలు బరువు తీయడానికి గుణించే పాళ్లు మోళ్లలో ఉండాలి, బరువులో కాదు. అర కిలో హైడ్రోజన్, అర కిలో ఆక్సిజన్ కలిపారనుకోండి. 2కీ 32కీ సగటు 17 అనేస్తారు. కానీ హైడ్రోజన్ 250 మోళ్లు, ఆక్సిజన్ 15.6 మోళ్లే. కిలోని మొత్తం మోళ్లతో భాగిస్తే 3.8 గ్రాములే!

నీటి ఆవిరి మోలు బరువు 18. నూటికి 4 పాళ్లు ఆవిరున్న ఉక్కపోత గాలి, పొడి గాలి కన్నా బరువా, తేలికా? చిట్టి లెక్కవేసి నాకు రాయాలి. పెద్దాడు సరిచూడాలి.

మీ తాతయ్య